ఎడిటర్‌కి స్క్రిప్టింగ్ భాష నేర్పడం ఎలా: సరిహద్దు ఊళ్ల ప్రోగ్రామర్ల కోసం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, కాలేజీకి వచ్చాక ఇంగ్లీషులో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని మీరు అనుకుంటుంటే, ఈ పని మీకోసమే: మీరు రోజూ వాడే ఎడిటర్‌కి ఒక స్క్రిప్టింగ్ భాషను నేర్పండి.

ఇదే ఎందుకంటే, లక్షల వరుసల ప్రోగ్రాం అంతా అర్థం కావాల్సిన అవసరం లేదు. పని చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఏ ముక్క పూర్తయినా ఎవరో ఒకరికి వెంటనే పనికొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. ఒకే ఫైలులో తెలుగు, ఒడియా, సవర లిపులు పెట్టి పరీక్షించగలిగేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. ఆ పరీక్షలో బయటపడే తప్పులు ఇంగ్లీషు ఒక్కటే రాసేవాళ్లకి కనబడవు.

ఆదేశాల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టండి.

పనిని పొరలుగా చూడండి

ఎడిటర్ ఒక భాషను "సపోర్ట్ చేస్తుంది" అంటే చాలామందికి రంగులే గుర్తొస్తాయి. రంగుల కంటే ముందు రెండు మెట్లున్నాయి. ఫైలు పేరు చివరి ముక్కను బట్టి, లేదా మొదటి వరుసలోని #! గుర్తును బట్టి ఇది ఫలానా భాష అని గుర్తుపట్టడం మొదటిది. కామెంట్ ఎలా మొదలవుతుంది, ఏ బ్రాకెట్‌కి ఏది జత అన్నది చెప్పడం రెండోది. ఈ రెండూ చేసేస్తే ఒక్క మీట నొక్కితే వరుస కామెంట్‌గా మారుతుంది, తెరిచిన బ్రాకెట్ దానంతటదే మూసుకుంటుంది. రోజంతా ఎడిటర్‌లో కూర్చునేవాడికి రంగుల కంటే ఇవే ఎక్కువ మేలు చేస్తాయి. ఆ తర్వాతే రంగులు. ఆపైన ఫైలులోని ఫంక్షన్ పేర్ల జాబితా. అన్నిటికంటే పైన, తప్పులు చూపించి పేర్లు పూర్తిచేసే లాంగ్వేజ్ సర్వర్.

చాలామంది పై పొర దగ్గరే మొదలుపెట్టి, కొన్నాళ్లకి అలసిపోయి వదిలేస్తారు. కింద నుంచి రండి.

చేయి తిరగడానికి లువా

మీరు చివరికి ఏ భాషకి పనిచేయాలనుకున్నా, అభ్యాసానికి లువా తీసుకోండి. ఇది 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. నియోవిమ్, ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్, రెడిస్, ఇన్నిటి లోపల స్క్రిప్టులు రాసుకోవడానికి వాడేది ఇదే. భాష చిన్నది: 5.4 వెర్షన్‌లో రిజర్వుడ్ పదాలు 22 మాత్రమే. రిఫరెన్స్ మాన్యువల్ చివర వ్యాకరణం మొత్తం ఒక్కచోటే ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు కూడా పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ చదువుకోవచ్చు, ఈ పనిలో సగం చదవడమే.

లువాకి అన్ని ఎడిటర్లలోనూ ఇప్పటికే సపోర్ట్ ఉంది కదా అంటారేమో. అందుకే అభ్యాసానికి మంచిది. మీరు చేసినదాన్ని ఉన్నదానితో పోల్చి చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: మీ పరీక్ష ఫైళ్లకి లువా ఎక్స్‌టెన్షన్ పెట్టకండి, ఇంకెవరూ వాడని ఓ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. లేకపోతే ఎడిటర్‌లో ముందే ఉన్న లువా రంగులు వచ్చేసి, పనిచేస్తున్నది మీ కోడో వాళ్ల కోడో తెలియదు.

మొదటి గంట నానోతో

కాలేజీ ల్యాబుల్లోని లినక్స్ మెషిన్లలో దాదాపు అన్నిటిలోనూ నానో ఎడిటర్ ఉంటుంది. మీ హోమ్ ఫోల్డర్‌లో నానో సెట్టింగుల ఫైలు ఒకటి తయారుచేసి, అందులో "సింటాక్స్" అన్న మాటతో భాష పేరు, ఫైలు పేరుకి సరిపోయే రెజెక్స్ (అక్షరాల నమూనాను వర్ణించే సూత్రం) ఇవ్వండి. కింద "కామెంట్" అన్న మాటతో రెండు గీతలు, అంటే -- ఇవ్వండి. మొదటి వరుసను బట్టి గుర్తుపట్టాలంటే "హెడర్" అన్న మాట ఉంది. ఆ కింద "కలర్" వరుసలు: కీవర్డ్‌లకి ఒకటి, అంకెలకి ఒకటి, స్ట్రింగులకి ఒకటి, కామెంట్లకి ఒకటి.

ఫైలు దాచి నానో మళ్లీ తెరిస్తే రంగులు కనబడతాయి. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం కళ్లారా చూడొచ్చు. నానోలో కలర్ వరుసలు రాసిన క్రమంలో ఒకదాని మీద ఒకటి పడతాయి, చివర రాసినదే పైన ఉంటుంది. కామెంట్ వరుసను ముందు రాసి కీవర్డ్ వరుసను తర్వాత రాస్తే, కామెంట్ మధ్యలో ఉన్న మామూలు ఇంగ్లీషు మాటలకి కూడా కీవర్డ్ రంగు పడుతుంది. కామెంట్లను చివరికి జరిపితే సర్దుకుంటుంది. అప్పుడు ఇంకో సమస్య వస్తుంది: స్ట్రింగ్ లోపల రెండు గీతలుంటే అక్కడి నుంచి కామెంట్ అనుకుంటుంది. ఈ రెండింటినీ ఒకేసారి సరిచేయడానికి ఓ అరగంట కష్టపడండి. ఒక్కో వరుసను విడివిడిగా చూసే రెజెక్స్‌తో ఎంతవరకు వెళ్లగలమో, ఎక్కడ ఆగిపోతామో అప్పుడు మీకే తెలుస్తుంది.

అసలు కష్టం స్ట్రింగుల దగ్గర

ఏ స్క్రిప్టింగ్ భాష తీసుకున్నా కీవర్డ్‌లు, అంకెలు సులువుగానే తేలిపోతాయి. మీ సమయమంతా తినేది స్ట్రింగులూ కామెంట్లూనే. లువాలో అది స్పష్టంగా కనబడుతుంది.

లువాలో ఒక వరుస స్ట్రింగు కోట్‌ల మధ్య ఉంటుంది. అనేక వరుసల స్ట్రింగు [[ తో మొదలై ]] తో ముగుస్తుంది. ఆ స్ట్రింగ్ లోపలే ]] రాయాల్సి వస్తే? అందుకోసం బ్రాకెట్ల మధ్య సమానపు గుర్తులు పెట్టుకోనిచ్చారు. [=[ తో మొదలైంది ]=] తోనే ముగియాలి, [==[ తో మొదలైంది ]==] తోనే. తలుపుకి ఎన్ని గడియలు వేస్తే అన్నీ తీస్తేనే తెరుచుకున్నట్టు. కామెంట్లకీ ఇదే పద్ధతి: --[[ అని గానీ, మధ్యలో సమానపు గుర్తులతో --[=[ అని గానీ మొదలైతే అది అనేక వరుసల కామెంట్, -- తర్వాత ఇంకేమైనా ఉంటే ఆ వరుస వరకే కామెంట్.

నానోలో వరుసలు దాటే రంగుకి మొదలూ చివరా వేర్వేరు రెజెక్స్‌లుగా ఇస్తాం. మొదట్లో ఎన్ని సమానపు గుర్తులు చూశామన్నది చివరి రెజెక్స్‌కి అందదు. అందుకని అక్కడ ఈ నియమాన్ని పూర్తిగా రాయలేరు.

టెక్స్ట్‌మేట్ అనే ఎడిటర్ నుంచి వచ్చిన తరహా గ్రామర్‌లో (రంగుల నియమాల ఫైలులో) రాయగలరు. వీఎస్ కోడ్, దాని స్వేచ్ఛా రూపమైన వీఎస్‌కోడియం వాడేది ఈ తరహానే. ఇందులో "బిగిన్" రెజెక్స్‌లో సమానపు గుర్తులను ఒక గుంపుగా పట్టుకుని, "ఎండ్" రెజెక్స్‌లో ఆ గుంపునే మళ్లీ అడగొచ్చు. మొదట్లో రెండుంటే చివర కూడా రెండే కావాలని ఒక్క వరుసలో చెప్పేయొచ్చు. క్రమం మాత్రం ఇక్కడ నానోకి తలకిందులు: ఒకే చోట రెండు నియమాలు సరిపోతే ముందు రాసినదే గెలుస్తుంది. కాబట్టి అనేక వరుసల కామెంట్ నియమం ముందు, ఒక వరుస కామెంట్ నియమం తర్వాత. ఇది తారుమారైతే --[[ ఉన్న వరుస ఒక్కటే కామెంట్ రంగులోకి వెళ్లి, కింది వరుసలన్నీ కోడ్‌లా కనబడతాయి.

ట్రీ-సిట్టర్: రంగులకి వెనక నిజమైన వ్యాకరణం

వ్యాకరణం ఇస్తే, కోడ్‌ను చెట్టు రూపంలోకి విడగొట్టే పార్సర్ (కోడ్ చదివే ప్రోగ్రాం) తయారుచేసే సాధనం ట్రీ-సిట్టర్. నియోవిమ్, హీలిక్స్ ఎడిటర్లు ట్రీ-సిట్టర్ గ్రామర్లు వాడతాయి, ఈమాక్స్‌లో 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి లోపలే ఉంది. మీ శ్రమ ఎక్కువమందికి చేరాలంటే ఇక్కడ పెట్టండి. ఒక్క గ్రామర్ రాస్తే ఇన్ని చోట్లా పనికొస్తుంది.

ట్రీ-సిట్టర్ కమాండ్ లైన్ ప్రోగ్రాం, ఒక సీ కంపైలర్, నోడ్ జేఎస్ పెట్టుకోండి. గ్రామర్ ఫైలు జావాస్క్రిప్ట్‌లో ఉంటుంది. అందులో ఒక్కో నియమం ఒక ఫంక్షన్: "సీక్వెన్స్" (టైపు చేసేది మాత్రం పొట్టిగా seq) అంటే ఇవి వరుసగా రావాలి, "చాయిస్" అంటే వీటిలో ఏదో ఒకటి, "రిపీట్" అంటే ఎన్నిసార్లయినా. లువా మాన్యువల్ చివర ఉన్న వ్యాకరణాన్ని దాదాపు వరుసకి వరుసగా ఇందులోకి దించొచ్చు. ట్రీ-సిట్టర్ జనరేట్ అని కొడితే దాని నుంచి సీ భాషలో పార్సర్ తయారవుతుంది. ట్రీ-సిట్టర్ పార్స్ అని ఒక ఫైలు పేరిస్తే చెట్టు కనబడుతుంది. ఎక్కడైనా "ఎర్రర్" అన్న కొమ్మ ఉంటే అక్కడ మీ వ్యాకరణం సరిపోలేదన్నమాట.

మొత్తం ఒక్కసారి దించకండి. విలువ ఇచ్చే వరుస ఒక్కటి రాయండి, జనరేట్ చేయండి, పార్స్ చేసి చూడండి. తర్వాత ఫంక్షన్ పిలుపు. తర్వాత ఇఫ్. కూడికలూ గుణకారాలూ వచ్చేసరికి "కాన్‌ఫ్లిక్ట్" అంటూ పెద్ద సందేశం వస్తుంది. చూడగానే టెన్షన్ పడక్కర్లేదు. ఒకే వరుసను రెండు రకాలుగా చదవొచ్చు, దేన్ని తీసుకోవాలో చెప్పమంటోంది. మాన్యువల్‌లో ఆపరేటర్ల ప్రాధాన్య క్రమం ఉంది, దాన్నే అంకెలుగా ఇస్తే చాలావరకు పోతుంది.

సమానపు గుర్తులు లెక్కపెట్టాల్సిన స్ట్రింగుల దగ్గర ట్రీ-సిట్టర్ వ్యాకరణ నియమాలు సరిపోవు. అక్కడ ఎక్స్‌టర్నల్ స్కానర్ అని సీలో చిన్న ఫైలు రాయాలి. అందులో ఐదు ఫంక్షన్లుంటాయి: క్రియేట్, డెస్ట్రాయ్, సీరియలైజ్, డీసీరియలైజ్, స్కాన్. అసలు పని స్కాన్‌ది. సీరియలైజ్, డీసీరియలైజ్ ఎందుకో మొదట అర్థం కాకపోవచ్చు. మీరు ఫైలు మధ్యలో ఒక్క అక్షరం మార్చినప్పుడు ట్రీ-సిట్టర్ అంతా మళ్లీ చదవదు, మారిన చోటు నుంచి మొదలుపెడుతుంది. అప్పుడు "ఇక్కడికి వచ్చేసరికి ఎన్ని సమానపు గుర్తుల స్ట్రింగ్ లోపల ఉన్నాం" అన్నది దానికి గుర్తుండాలి. ఆ అంకెను దాచి మళ్లీ తెచ్చేవే ఈ రెండూ. వీటిని ఖాళీగా వదిలేస్తే ఫైలు తెరవగానే రంగులు బాగానే కనబడతాయి, టైపు చేస్తుంటే చెడిపోతాయి. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం కాబట్టి ముందే సరిగ్గా రాయండి.

పరీక్షలు కార్పస్ ఫోల్డర్‌లో ఉంటాయి. సమానపు గుర్తుల రెండు వరుసల మధ్య పరీక్ష పేరు, దాని కింద కోడ్, తర్వాత గీతల వరుస, ఆ కింద రావాల్సిన చెట్టు. ట్రీ-సిట్టర్ టెస్ట్ అంటే అన్నీ సరిచూస్తుంది. "అప్‌డేట్" అన్న ఐచ్ఛికం ఇస్తే వచ్చిన చెట్టునే సరైన జవాబుగా రాసేస్తుంది. సౌకర్యంగా ఉంటుంది, అందుకే ప్రమాదం. తప్పు చెట్టు ఒక్కసారి అలా రికార్డయితే ఇక ఏ పరీక్షా దాన్ని పట్టుకోదు. చెట్టును కళ్లతో చదివాకే అప్‌డేట్ చేయండి.

రంగుల కోసం హైలైట్స్ క్వెరీ ఫైలు వేరుగా ఉంటుంది. చెట్టులో ఏ కొమ్మకి ఏ పేరు అన్నది చెప్పడమే దాని పని, గ్రామర్ సరిగ్గా ఉంటే ఒక పూటలో అయిపోతుంది.

హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకి ఒక మాట: పెద్ద రిపోలు (ప్రాజెక్టుల కోడ్ భండారాలు) దించుకునేటప్పుడు గిట్ క్లోన్‌కి డెప్త్ 1 అని జతచేయండి. పాత చరిత్ర అంతా రాకుండా తాజా రూపం ఒక్కటే వస్తుంది, డేటా చాలా మిగులుతుంది.

మూడు లిపుల పరీక్ష ఫైలు

ఇప్పుడు మనం మాత్రమే బాగా చేయగలిగిన పని.

సంతలో సరుకుల ధరలు చూపించే చిన్న లువా స్క్రిప్టు రాయండి. చింతపండు, పసుపు, అడ్డాకులు, ఒక్కో సరుకు పేరు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి, సవరలో ఒకసారి. కొన్ని స్ట్రింగుల్లో, కొన్ని ఒక వరుస కామెంట్లలో, కొన్ని అనేక వరుసల కామెంట్లలో పెట్టండి. స్ట్రింగులూ, అనేక వరుసల కామెంట్లూ ముగిసే వరుసల్లో ఆ మాట తర్వాత అదే వరుసలో, ఒక వరుస కామెంట్లకైతే కింది వరుసలో, మళ్లీ కోడ్ వచ్చేలా చూడండి. తప్పులు దాక్కునేది అక్కడే.

లెక్క ఎలా ఉంటుందో ఒక్క మాటతో చూద్దాం. లువాలో స్ట్రింగ్ ముందు # పెడితే పొడవు వస్తుంది. "తెలుగు" అన్న స్ట్రింగ్‌కి పెట్టి చూడండి: 18 వస్తుంది. 5.3 నుంచి ఉన్న యూటీఎఫ్8 లైబ్రరీలోని లెన్ ఫంక్షన్‌ని అడగండి: 6 అంటుంది. తెర మీద మనకి కనబడేవి మూడు అక్షరాలు. మూడూ నిజమే. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇలా యూనికోడ్‌లో (లిపుల అక్షరాలన్నిటికీ అంకెలిచ్చే పట్టికలో) ఆరు ముక్కలు, ఒక్కోటి యూటీఎఫ్-8లో (వాటిని బైట్లుగా దాచే పద్ధతిలో) మూడు బైట్లు. "స్త్రీ" అన్నదానికి కూడా అవే అంకెలు వస్తాయి, 18, 6. తెర మీద మాత్రం ఒక్కటే అక్షరం.

ఒడియా కూడా ఒక్కో ముక్కకి మూడు బైట్లే. అయితే అందులో ఇంకో చిక్కుంది. కింద చుక్క ఉన్న "డ"ను యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: మొత్తం కలిపి ఒకే ముక్కగా, లేదా "డ" ఒకటి, చుక్క ఒకటిగా. ఒడియా భాష పేరులోనే ఈ అక్షరం ఉంది. కంటికి రెండూ ఒకటే, బైట్ల లెక్కలో తేడా. రెండు రూపాలూ మీ ఫైలులో పెట్టండి. ఒకదాన్ని వెతికితే రెండోది దొరక్కపోవచ్చు, అది వెతికే ప్రోగ్రాం సంగతి. మీరు చూడాల్సింది మాత్రం ఇది: మీ ఫార్మాటర్ గానీ, సర్వర్ గానీ, వాడినవాళ్లు రాసిన స్ట్రింగ్‌ను తనంతట తాను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చకూడదు. స్ట్రింగ్ లోపలి బైట్లు వాళ్ల సొత్తు.

ఇక సవర. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ గిడుగు రామమూర్తి పంతులు ఈ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ భాషను ఇవాళ తెలుగు లిపిలోనూ, ఒడియా లిపిలోనూ, రోమన్‌లోనూ రాసేవాళ్లున్నారు. వాటితోపాటు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్ ఉంది. అది 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. మన పనికి ఈ లిపి బంగారం లాంటిది, కారణం దాని స్థానం. తెలుగు, ఒడియా యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాల లోపల ఉన్నాయి, ఈ లిపి దాని బయట ఉంది. అందువల్ల దీని ఒక్కో అక్షరానికి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు, యూటీఎఫ్-16లో (రెండేసి బైట్ల యూనిట్లతో దాచే ఇంకో పద్ధతిలో) రెండు యూనిట్లు పడతాయి. తెలుగు, ఒడియా ముక్కకైతే యూటీఎఫ్-16లో ఒక్క యూనిట్ చాలు. ఈ తేడా ఏం చేస్తుందో సర్వర్ దగ్గర చూద్దాం.

ఈ అక్షరాలు కనబడాలంటే నోటో ఫాంట్లలో సొరాంగ్ సొంపెంగ్ ఫాంట్ ఉంది, పెట్టుకోండి. కీబోర్డు లేకపోతే క్యారెక్టర్ మ్యాప్ లాంటి ప్రోగ్రాం నుంచి ఒక్కో అక్షరం తీసి అతికించుకోవచ్చు. మాటలు మాత్రం సవర తెలిసినవాళ్లను అడిగి, వాళ్ల చేత సరిచూపించుకుని పెట్టండి. పరీక్ష కదా అని అర్థం లేని అక్షరాల వరుస పెట్టడం ఆ భాషకి మర్యాద కాదు.

చివరగా, కంటికి కనబడని ఒక ముక్క. "ఫోన్‌లో" అని రాసినప్పుడు పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం. అది కూడా మూడు బైట్లే. ఎడిటర్‌లో ఆ మాట మీద డబుల్ క్లిక్ చేయండి. చాలా రెజెక్స్ ఇంజన్లలో ఇది "పదంలోని అక్షరం" కిందికి రాదు, అందువల్ల మాట మధ్యలో తెగిపోతుంది. వీఎస్ కోడ్‌లో అయితే భాష సెట్టింగుల ఫైలులో వర్డ్ ప్యాటర్న్ అని జావాస్క్రిప్ట్ రెజెక్స్ ఇస్తాం. అక్కడ యూనికోడ్ "లెటర్" తరగతి ఒక్కటే ఇస్తే గుణింతాల దగ్గర కూడా తెగుతుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులూ పొల్లూ "మార్క్" తరగతిలో ఉంటాయి. లెటర్, మార్క్, అంకెలు, ఈ జాయినర్లు, అన్నీ కలిపి ఇవ్వండి.

లువా 5.4లో వేరియబుల్ పేర్లకి తెలుగు పనికిరాదు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. పైథాన్ 3 లాంటి భాషల్లో తెలుగు పేర్లు పెట్టొచ్చు. మీరు పనిచేసే భాష ఏం అంటుందో మాన్యువల్‌లో చూసి, గ్రామర్‌లోని పేరు నియమాన్ని సరిగ్గా అంతవరకే రాయండి.

నల్లటి టెర్మినల్‌లో తెలుగు చెల్లాచెదురుగా కనబడితే మీ గ్రామర్ మీద అనుమానపడకండి. టెర్మినల్ ప్రతి ముక్కకీ ఒక గడి కేటాయించాలని చూస్తుంది, మన వత్తులూ గుణింతాలూ అందులో ఇమడవు. అదే ఫైలును కేట్ లాంటి మామూలు విండో ఎడిటర్‌లో తెరవండి. అక్కడ బాగుంటే అది టెర్మినల్ సంగతి, దానికి వేరే ఇష్యూ రాయొచ్చు.

పేర్ల జాబితా

కోడ్‌లోని ఫంక్షన్ల లాంటి పేర్లను ఏరి జాబితా చేసే ప్రోగ్రాం యూనివర్సల్ సీట్యాగ్స్. దానికి కొత్త భాష చెప్పడం చిన్న పని. ఒక సెట్టింగుల ఫైలులో భాష పేరు, ఎక్స్‌టెన్షన్, ఏ రకం పేర్లు ఏరాలి, వాటిని పట్టే రెజెక్స్ ఇస్తే సరిపోతుంది. కంపైల్ చేయక్కర్లేదు. కామెంట్ లోపలి ఫంక్షన్‌ని కూడా జాబితాలో చేర్చేస్తుందేమో ఒకసారి చూసుకోండి.

లాంగ్వేజ్ సర్వర్: లెక్క తప్పే చోటు

లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో బయటపెట్టింది. అంతకు ముందు ప్రతి భాషకీ ప్రతి ఎడిటర్‌లో విడిగా పనిచేయాల్సి వచ్చేది. ఇప్పుడు భాషకి ఒక సర్వర్ రాస్తే, ఈ ప్రోటోకాల్ తెలిసిన ఏ ఎడిటర్ అయినా దానితో మాట్లాడుతుంది. మొదటి రూపంలో మూడు పనులు చాలు: ఇనిషియలైజ్‌కి జవాబివ్వడం, ఫైలు తెరిచినప్పుడూ మారినప్పుడూ పాఠం అందుకోవడం, తప్పులు తిప్పి పంపడం. పేర్లు పూర్తిచేయడం తర్వాత చూసుకోవచ్చు.

ప్రతి సందేశానికీ ముందు కంటెంట్-లెంగ్త్ అన్న వరుస వెళ్తుంది. అందులోని అంకె బైట్లది. అక్షరాలు లెక్కపెట్టి పంపితే ఇంగ్లీషు ఉన్నంతసేపూ ఏ గొడవా ఉండదు. తెలుగు మాట ఒక్కటి రాగానే ఎడిటర్ సందేశాన్ని మధ్యలో కోసేసుకుంటుంది, మిగిలిన ముక్కను తర్వాతి సందేశం అనుకుంటుంది, అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. పైథాన్‌లో రాసిన సర్వర్లలో ఈ తప్పు చాలాకాలం దాగుంటుంది, ఎందుకంటే అక్కడి జేసన్ లైబ్రరీ మామూలుగా ఇంగ్లీషేతర అక్షరాలన్నిటినీ ఇంగ్లీషు గుర్తుల కోడ్‌గా మార్చి పంపుతుంది. ఎవరైనా ఆ మార్పును ఆపేసిన రోజున బయటపడుతుంది.

ఇంతకంటే ఎక్కువగా కనబడేది కాలమ్ తప్పు. ఒక వరుసలో ఏదైనా తప్పుంటే, అది ఎన్నో స్థానంలో ఉందో సర్వర్ చెప్పాలి. ప్రోటోకాల్ ప్రకారం ఆ స్థానం మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో ఉండాలి. ట్రీ-సిట్టర్ సీ లైబ్రరీ యూటీఎఫ్-8 పాఠంలో కాలమ్‌ను బైట్లలో ఇస్తుంది. దాన్ని అలాగే పంపేశారనుకోండి. "తెలుగు" అన్న స్ట్రింగ్ తర్వాత అదే వరుసలో తప్పు పేరుంటే, ఎర్ర గీత దాని కింద పడకుండా 12 స్థానాలు కుడికి జరుగుతుంది. ఆరు ముక్కలు, ఒక్కోదానికి రెండు బైట్లు ఎక్కువ.

పైథాన్ 3లో స్ట్రింగ్ పొడవు యూనికోడ్ ముక్కల్లో ఉంటుంది. తెలుగుకీ ఒడియాకీ ఆ లెక్క, యూటీఎఫ్-16 లెక్క ఒకటే కాబట్టి పైథాన్ సర్వర్ రెండింట్లోనూ నెగ్గుకొస్తుంది. సవర లిపిలోని మాట పెట్టండి. ఒక్కో అక్షరానికి ఒక స్థానం చొప్పున గీత ఎడమకి జరుగుతుంది. మూడో లిపి ఎందుకు పెట్టమన్నానో ఇక్కడ తెలుస్తుంది. గో, రస్ట్ భాషల్లో రాసిన సర్వర్‌లో బైట్ల తప్పు తెలుగుతోనే దొరుకుతుంది, పైథాన్ సర్వర్‌లో ముక్కల తప్పు సవరతోనే దొరుకుతుంది.

ప్రోటోకాల్ 3.17 వెర్షన్ నుంచి ఏ లెక్కలో మాట్లాడుకోవాలో ఇనిషియలైజ్ సమయంలో తేల్చుకోవచ్చు. ఎడిటర్ తనకి తెలిసినవి చెబుతుంది, సర్వర్ ఒకటి ఎంచుకుంటుంది. ఏమీ చెప్పకపోతే యూటీఎఫ్-16 అనే అర్థం. కాబట్టి మీ సర్వర్‌లో లెక్క మార్చే ఫంక్షన్ ఒక్కటే రాసి, లోపలికి వచ్చే ప్రతి స్థానం, బయటికి వెళ్లే ప్రతి స్థానం దాని గుండానే పోయేలా చేయండి. ఎక్కడికక్కడ కూడికలూ తీసివేతలూ చేస్తే ఏదో ఒక మూల తప్పు మిగిలిపోతుంది.

పంపేటప్పుడు

ముందు ఆ ప్రాజెక్టు కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదవండి. కొన్ని చోట్ల ప్రతి కమిట్‌కీ సైన్-ఆఫ్ వరుస కావాలి, కొన్ని చోట్ల ఒప్పందం మీద సంతకం అడుగుతారు. వేరే గ్రామర్ నుంచి ఏదైనా తీసుకుంటే దాని లైసెన్స్ ఈ ప్రాజెక్టు లైసెన్స్‌తో కుదురుతుందో లేదో చూసి, ఎక్కడి నుంచి తీసుకున్నారో రాయండి.

అన్నీ కలిపి ఒకే పుల్ రిక్వెస్ట్‌గా (మార్పులు తీసుకోమని ప్రాజెక్టుకి పంపే అభ్యర్థనగా) పంపకండి. ఫైలు గుర్తింపు, కామెంట్ సెట్టింగులు ఒకటి. గ్రామర్, రంగులు ఒకటి. ఇప్పటికే ఉన్న సపోర్ట్‌లో మీ మూడు లిపుల ఫైలు తప్పు పట్టుకుని ఉంటే అది ఇంకొకటి, నా ఉద్దేశంలో ముందు పంపాల్సింది అదే. కొత్త భాష చేర్చమంటే మెయింటెయినర్‌కి, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లకి, మోయాల్సిన బరువు పెరుగుతుంది, ఆలోచిస్తారు. ఉన్నదాంట్లో తప్పును పరీక్షతో సహా చూపించి సరిచేసి ఇస్తే సంతోషంగా తీసుకుంటారు.

పరీక్ష ఫైలులోని ప్రతి తెలుగు, ఒడియా, సవర మాట పక్కనే దాని అర్థం ఇంగ్లీషు కామెంట్‌గా పెట్టండి. చదివేవాళ్లకి ఆ లిపులు తెలియవు, తెలియనిదాన్ని తమ రిపోలోకి తీసుకోవడానికి సందేహించడం న్యాయమే. బడి రిజిస్టరు, రేషన్ జాబితా లాంటివాటి నుంచి అసలు మనుషుల పేర్లూ నంబర్లూ తీసి పరీక్షలో పెట్టవద్దు. ఒకసారి రిపోలోకి వెళ్లింది చరిత్రలోంచి అంత సులువుగా పోదు.

ఇష్యూలో రాయాల్సినవి: ఏ వెర్షన్, ఏ ఫైలు, ఏ వరుస, ఏం రావాలి, ఏం వచ్చింది. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. గీత పక్కకి జరిగిన స్క్రీన్‌షాట్ ఒకటి, బైట్ల లెక్క రెండు వరుసల్లో ఇస్తే చాలు.

సవర అక్షరాలు ఎందుకు, ఎమోజీ పెడితే సరిపోదా అని సమీక్షలో అడగొచ్చు. సూటిగా జవాబివ్వండి: స్థానం లెక్కకి ఎమోజీ కూడా సరిపోతుంది, కానీ ఎమోజీ అక్షరం కిందికి రాదు. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పరీక్షించాలంటే ఆ దూరపు స్థానాల్లో ఉన్న నిజమైన అక్షరాలే కావాలి. ఆ రెండు పరీక్షలనూ వేరువేరుగా చూపించి, పదం పరీక్షను ఉంచమని అడగండి.